రెండెకరాల రైతు ఎక్కడికెళ్ళి నేర్చుకోవాలి? హైదరాబాద్ చుట్టూ ఉన్న దారుల పోలిక

మా అక్కావాళ్ళది చేవెళ్ళ దాటాక ఒక ఊరు. రెండెకరాల పది గుంటలు, ఒక బోరు, రెండు బర్రెలు. ఒక వానాకాలం టమాటా మొత్తం ఆకుముడతకు పోయింది. అప్పుడు బావ ఫోన్ చేసి, "మీ పట్నంల, రాజేంద్రనగర్ దిక్కు రైతుల కోసం మస్తు ఆఫీసులున్నయంటరు గదా. ఎక్కడికి పోతే నాకు పనికొచ్చే ముచ్చట చెప్తరు?" అని అడిగాడు. నేను ఇరవై ఏళ్ళుగా అత్తాపూర్‌లో ఉంటున్నాను. ఆ గేట్ల ముందు నుంచే బండి మీద పోతుంటాను. అయినా సూటిగా జవాబు చెప్పలేకపోయాను. తర్వాత ఏడాదిన్నర పాటు బావతో కొన్ని చోట్లకు, అక్కతో ఇంకొన్ని చోట్లకు తిరిగాను. కొన్నిటి గురించి వెళ్ళొచ్చినవాళ్ళను అడిగాను. ఆ తిరుగుడులో తేలిందే ఇక్కడ రాస్తున్నాను.

ఈ చోట్లలో చాలావాటికి ఫీజు లేదు. అందుకని ఫీజును బట్టి పోల్చి లాభం లేదు. చిన్న రైతుకు అసలు ఖర్చు రోజు. బావ పొద్దున ఏడింటికి బస్సెక్కితే ఆ రోజు మోటరు ఎవరు వేయాలి, కలుపు కూలీల దగ్గర ఎవరుండాలి? పాలు పిండేది అక్క. చెయ్యి మారితే బర్రె చేపుకు రాదు. కాబట్టి అక్క ఎక్కడికి పోయినా పాల టైముకు ఇల్లు చేరాలి, బావ పోయినా రాత్రికల్లా ఇంట్లో ఉండాలి. శిక్షణల జాబితా కాగితం మీద చూస్తే అన్నీ బాగానే ఉంటాయి, పాడి ఉన్న ఇంట్లో కూర్చుని చూస్తే సగం కొట్టేయాల్సి వస్తుంది. అందుకే నేను ప్రతిచోటా మూడే చూశాను: ఎన్ని రోజులు పోతాయి, మన ప్రశ్నకు అక్కడ జవాబుందా, నేర్పినవాళ్ళు మళ్ళీ మన పొలంలో అడుగు పెడతారా. మూడోదానికి ఎక్కువ మార్కులు వేశాను.

రాజేంద్రనగర్ బోర్డులు

వ్యవసాయ విశ్వవిద్యాలయం, వెటర్నరీ యూనివర్సిటీ, వరి పరిశోధన సంస్థ, చిరుధాన్యాల సంస్థ, నూనెగింజల సంస్థ, కోళ్ళ పరిశోధన డైరెక్టరేట్, మొక్కల ఆరోగ్య సంస్థ, గ్రామీణాభివృద్ధి సంస్థ, మేనేజ్, నార్మ్. ఇన్ని బోర్డులు ఒకే దిక్కున ఉంటే బావలాంటివాడు ఏ గేటు ముందు దిగాలో తెలియక నిలబడిపోతాడు. నిజానికి వీటిలో కొన్ని రైతుకు నేరుగా నేర్పడానికి పెట్టినవి కావు. 1987లో పెట్టిన మేనేజ్ పని ప్రధానంగా వ్యవసాయ విస్తరణ అధికారులకు శిక్షణ ఇవ్వడం. నార్మ్ పని శాస్త్రవేత్తలతో. అక్కడికి పోయి "టమాటాకు ఏం కొట్టాలె" అని అడిగితే మర్యాదగా పక్క గేటు చూపిస్తారు.

అయితే మేనేజ్ ద్వారా నడిచే రెండు కోర్సులు రైతు ఇంటికి సంబంధించినవే. ఇంట్లో పిల్లలెవరైనా అగ్రికల్చర్ డిగ్రీ చదివి ఉంటే 2002లో మొదలైన అగ్రి క్లినిక్కుల శిక్షణ చూడొచ్చు. సొంతంగా సలహా కేంద్రమో, నర్సరీయో పెట్టుకునేవాళ్ళ కోసం అది. రెండోది ఎరువులు, పురుగుమందులు అమ్మేవాళ్ళకు ఏడాది డిప్లొమా, పేరు దేశీ. ఇది రైతుకెందుకు అంటారేమో. ఊళ్ళో అందరికంటే ఎక్కువమందికి పాఠం చెప్పేది మందుల షాపాయనే గదా. సాయంత్రం ఆ బల్ల మీద కూర్చున్నవాళ్ళను లెక్కపెట్టండి, ఏ శిక్షణ తరగతిలోనూ అంతమంది ఉండరు. ఉద్దెర ఇచ్చేదీ ఆయనే, డబ్బా చేతిలో పెట్టేదీ ఆయనే. ఆ డిప్లొమా చేసిన షాపాయన దొరికితే మంచిదే. కాకపోతే ఎంత చదివినా ఆయన చెప్పే మందు ఆయన ర్యాకులో ఉన్నదే అయి ఉంటుంది.

వ్యవసాయ విశ్వవిద్యాలయానికి మాత్రం ఏడాదికి ఒక రోజు తప్పకుండా పొమ్మంటాను, అది విత్తన మేళా రోజు. వానాకాలానికి ముందు మే నెలాఖరులో పెడుతుంటారు. తెలంగాణ సోనా అని మనం తినే సన్న బియ్యం, ఆర్ఎన్ఆర్ 15048, ఆ రాజేంద్రనగర్ మళ్ళలో పుట్టిన రకమే. విత్తనం కొనుక్కోవడం ఒక ఎత్తయితే, ఆ రకాన్ని తయారుచేసినవాళ్ళు అక్కడే ఉంటారు, నిలబెట్టి అడగొచ్చు. వచ్చేటప్పుడు వ్యవసాయ పంచాంగం ఒక కాపీ తెచ్చుకోండి. ఏ పంటకు ఎప్పుడు విత్తాలి, ఏ తెగులుకు ఏ మోతాదు అన్నది తెలుగులో ఒకేచోట ఉంటుంది. బావ ఇంట్లో అది ఇప్పుడు కరెంటు బిల్లుల పక్కన మేకుకు వేలాడుతోంది.

ఇవాళ్టి తెగులుకు, వచ్చే ఏడాది తెగులుకు

నేర్చుకోవడం రెండు రకాలు. ఇప్పుడు పొలంలో కనపడుతున్నదానికి జవాబు ఒకటి, వచ్చే పంటకు తయారుకావడం ఒకటి. ఈ రెండూ కలిపేస్తే ఎక్కడికి పోయినా నిరాశే.

ఇప్పటి ప్రశ్నకు పొలం వదిలి పోనక్కర్లేదు. 2004 నుంచి నడుస్తున్న కిసాన్ కాల్ సెంటర్ నంబరు 1800 180 1551. పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు. ఎత్తేవాళ్ళు వ్యవసాయం చదివినవాళ్ళే. కాకపోతే వాళ్ళకు మన మొక్క కనపడదు. "ఆకు ముడుచుకుంది" అంటే పైకా కిందికా, లేతాకా ముదురాకా అని అడుగుతారు. ముందే చూసుకుని ఫోన్ చేస్తే ఐదు నిమిషాల్లో పనవుతుంది. ప్లాంటిక్స్ లాంటి యాప్‌లో ఫొటో తీసి చూసుకోవచ్చు కానీ, దాని మాటను ఎవరైనా మనిషితో సరిచూసుకోకుండా మందు కొనొద్దు. వాన సంగతికి మేఘదూత్ యాప్ చాలు. మంగళ, శుక్రవారాల్లో వ్యవసాయ సలహా వస్తుంది.

మనిషి కావాలంటే ఏఈఓ, అంటే వ్యవసాయ విస్తరణ అధికారి ఉన్నారు. రైతులు కూర్చుని మాట్లాడుకోవడానికి రాష్ట్రంలో 2601 రైతు వేదికలు కట్టారు, దాదాపు 5000 ఎకరాలకు ఒక ఏఈఓ. అన్ని ఎకరాల్లో మన రెండెకరాలు ఆయనకు గుర్తుండాలంటే మనమే కనపడుతుండాలి. 2024 మార్చిలో మొదలుపెట్టిన రైతు నేస్తం కార్యక్రమంలో మంగళవారాలు శాస్త్రవేత్తలు ఆ వేదికల్లో వీడియోలో మాట్లాడతారు. పాఠం ఒక్కోసారి మన పంటది కాకపోవచ్చు. కానీ ఏఈఓ అక్కడే ఉంటారు, అయిపోయాక కుర్చీలు సర్దే టైములో అడిగిన ప్రశ్నకే అసలు జవాబు దొరుకుతుంది. అరపూట ఖర్చు, బస్సు అక్కర్లేదు. రోజు లెక్కలో దీన్ని కొట్టేది లేదు.

ఇక బావ ఆకుముడత సంగతి. అది వైరస్, తెల్లదోమ మోసుకొస్తుంది. ఆకు ముడుచుకున్నాక ఏ మందు కొట్టినా ఆ మొక్క మళ్ళీ తేరుకోదు. బావ అప్పటికే మూడుసార్లు కొట్టాడు. అంటే మనం అడగాల్సిన ప్రశ్న "ఏం కొట్టాలి" కాదు, "నారు ఎట్లా పెంచాలి" అన్నది. దానికి జవాబు నాటడానికి నెల ముందే తెలిసి ఉండాలి: నారుమడి మీద సన్న కళ్ళ నైలాన్ వల, పొలం చుట్టూ రెండు మూడు వరసలు జొన్నో మొక్కజొన్నో, పసుపు రంగు జిగురు అట్టలు, తెగులు తగిలిన మొక్క కనపడ్డ రోజే పీకి పారేయడం. ఇందులో ఒక్కటీ ఫోన్లో వింటే చేతికి రాదు. చూడాలి. జీడిమెట్లలో ఉద్యాన శాఖ సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్ ఉంది. అక్కడి పాలీహౌస్‌లు చూసి బావ, "ఇవి మనకు కావు" అని బయటికొచ్చేశాడు, నిజమే, ఆ పెట్టుబడి రెండెకరాలకు మోయలేనిది. కానీ ట్రేలలో నారు పెంచే పద్ధతి మాత్రం నీడ వల కింద పెరట్లో చేసుకోదగినదే. పెద్ద చోటికి పోయినప్పుడు మనకు సరిపడా ముక్క తుంచుకుని రావాలి.

కేవీకేకే నా ఓటు

కృషి విజ్ఞాన కేంద్రం అంటే శిక్షణ భవనం అనుకుంటారు చాలామంది. శిక్షణ వాళ్ళ పనిలో ఒక భాగమే. నాకు విలువగా అనిపించింది డెమో. కొత్త రకమో, కొత్త పద్ధతో మన పొలంలోనే కొంత జాగాలో వేయిస్తారు. విత్తనం, కొన్ని మందులు వాళ్ళే ఇస్తారు, మధ్యలో వచ్చి చూస్తారు. పక్కన మన పాత పద్ధతి పంట ఎట్లాగూ ఉంటుంది. రెండూ పక్కపక్కన చూశాక ఎవరూ ఉపన్యాసం ఇవ్వనక్కర్లేదు. మూడో పరీక్షలో పూర్తి మార్కులు వచ్చింది దీనికే.

లోటు కూడా చెప్పాలి. ఒక కేవీకేలో ఒక అధిపతి, ఆరుగురు విషయ నిపుణులు ఉండాలని లెక్క. జిల్లా మొత్తానికీ వాళ్ళే. రంగారెడ్డి జిల్లా కేవీకే కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ (క్రీడా) కింద హయత్‌నగర్‌లో ఉంది. ఇబ్రహీంపట్నం, యాచారం వాళ్ళకు బాగానే ఉంటుంది. చేవెళ్ళ నుంచి పోవాలంటే మెహిదీపట్నం దాకా వచ్చి, పట్నం మొత్తం దాటాలి. బావ ఒక్కడికి డెమో అడిగితే రావడం కష్టం. ఊళ్ళో పది మంది కలిసి అడిగితే వాళ్ళకూ ఒక్క ట్రిప్పులో పని అవుతుంది. మేం అట్లాగే పది సంతకాలతో ఒక కాగితం రాసి ఏఈఓ ద్వారా పంపాం.

మొదటిసారి పోయేటప్పుడు ఉత్త చేతులతో పోవద్దు. తెగులు మొక్కను వేళ్ళతో సహా పీకి కవర్లో పెట్టుకోండి, ఇప్పటిదాకా కొట్టిన మందుల డబ్బాల ఫొటోలు ఫోన్లో ఉంచుకోండి. మట్టి నమూనా కూడా తీసుకెళ్ళండి. పొలంలో వంకరటింకరగా నడుస్తూ ఎనిమిది పది చోట్ల పైన చెత్త తీసేసి, వి ఆకారంలో ఆరంగుళాల గుంత చేసి, అంచు నుంచి పల్చగా మట్టి చెక్కాలి. అంతా కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు తీసేస్తూ అరకిలో మిగిల్చాలి. గట్ల మీద, చెట్ల కింద, పెంట కుప్ప వేసిన చోట తీయొద్దు. బావ మొదటిసారి పెంట కుప్ప పక్కనే తీశాడు. అట్లాంటి మట్టికి వచ్చే రిపోర్టు చూస్తే మన చెల్క బంగారం అనుకుంటాం.

కేవీకేతో పోల్చదగింది ఆర్‌సెటి. బ్యాంకులు నడిపే స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు ఇవి. పాడి, కోళ్ళు, పుట్టగొడుగుల్లాంటి వాటికి పది రోజుల చొప్పున కోర్సులు, తిండీ వసతీ ఉచితం. అయ్యాక బ్యాంకు లోనుకు దారి చూపిస్తారు, రెండేళ్ళ దాకా ఎట్లా నడుస్తోందో కనుక్కుంటారు. చెప్పుకోదగ్గ సంగతే. కానీ వయసు పరిమితి ఉంది, బావ అది దాటేశాడు. బావకు యాభై రెండు. కోర్సు రాసినవాళ్ళు ఊళ్ళో పొలం చేస్తున్నవాళ్ళ తలలు చూశారో లేదో! బీటెక్ అయిపోయి ఇంటి దగ్గరున్న మా మేనల్లుడికి మాత్రం సరిగ్గా సరిపోతుంది. వాడు ఇంకా ఆలోచిస్తున్నాడు. భూదాన్ పోచంపల్లి దగ్గర జలాల్‌పూర్‌లోని స్వామి రామానంద తీర్థ గ్రామీణ సంస్థ కూడా ఇట్లా వసతితో నేర్పేదే. మొత్తంగా చూస్తే కొత్త పని మొదలుపెట్టాలనుకునే కుర్రాళ్ళకు ఆర్‌సెటి, ఉన్న పొలాన్ని బాగుచేసుకోవాలనుకునే పెద్దవాళ్ళకు కేవీకే.

గ్రామీణాభివృద్ధి సంస్థలోని టెక్నాలజీ పార్కు ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది. 1999లో పెట్టారు. తేనెటీగలు, వర్మీకంపోస్టు, విస్తరాకులు, తక్కువ ఖర్చు ఇళ్ళు, ఇట్లా చాలా ఉంటాయి. ఒక పూట తిరిగి చూడ్డానికి బాగుంటుంది, ఏది మనకు అవుతుందో తేల్చుకున్నాక ఆ ఒక్కదానికే శిక్షణ తీసుకోవాలి.

అక్క కోళ్ళు

అక్క అడిగింది వేరే. "పెరట్లో ఇరవై కోళ్ళు పెట్టుకుంటా, మందులూ మాకులూ ఎట్లనో చెప్పించు" అంది. దీనికి రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన డైరెక్టరేట్ సరైన గేటు. వనరాజా, గ్రామప్రియ రకాలు అక్కడివే. గుడ్ల కోసమైతే గ్రామప్రియ, మాంసానికీ గుడ్లకూ కలిపి అయితే వనరాజా. ముందే ఫోన్ చేసి పిల్లలు ఎప్పుడుంటాయో కనుక్కుని పోవాలి. అక్కడ తెలిసిన ముఖ్యమైన సంగతేమిటంటే, మొదటి ఐదారు వారాలు పిల్లల్ని వెచ్చగా బల్బు కింద పెంచి, కొక్కెర తెగులు టీకాలు వేయించాకే పెరట్లోకి వదలాలి. మా నాయనమ్మ కాలంలో నాటుకోడి తల్లి ఆ వెచ్చదనం ఇచ్చేది. ఈ పిల్లలకు తల్లి లేదు, బల్బే తల్లి.

అక్క పొద్దున పాలు పోసి తొమ్మిదింటికి బయల్దేరి, సాయంత్రం పాల టైముకు ఇల్లు చేరింది. ఆడవాళ్ళకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో 2023 డిసెంబరు నుంచి టికెట్ లేదు కాబట్టి దారి ఖర్చు లేదు. ఒక అనుమానం చాలామంది ఆడవాళ్ళకు ఉంటుంది: పాస్‌బుక్ నా పేరున లేదే, నన్ను రానిస్తారా అని. మేం పోయిన ఏ శిక్షణలోనూ పాస్‌బుక్ అడగలేదు. సబ్సిడీల దగ్గర అడుగుతారు, అది వేరే సంగతి. కౌలు రైతులకూ ఇదే మాట.

పంట కాలమంతా సాగే బడి

నాకు బాగా నచ్చింది పొలంబడి. 1989లో ఇండోనేషియా వరి పొలాల్లో మొదలైన పద్ధతి, తర్వాత మన దగ్గరికీ వచ్చింది. పాతిక ముప్ఫై మంది రైతులు వారానికొకసారి ఒకే పొలంలో దిగి, మొక్క మొక్కకూ మిత్రపురుగులెన్ని, శత్రుపురుగులెన్ని అని లెక్కపెట్టి, బొమ్మ గీసి, మందు కొట్టాలా వద్దా అని తామే తేల్చుకుంటారు. ఒక్కో వారం రెండు మూడు గంటలే. పంట పూర్తయ్యేసరికి పురుగు చూడగానే డబ్బా వైపు చెయ్యి పోవడం తగ్గుతుంది. ఇబ్బంది ఏమిటంటే ఇది అన్ని ఊళ్ళలో, అన్ని సీజన్లలో ఉండదు. వ్యవసాయ విస్తరణ కోసం నడిచే ఆత్మ పథకం కింద మీ మండలానికి ఏమైనా ఉందా అని ఏఈఓను అడగండి. ఉంటే ఇంకేదీ ఆలోచించకుండా చేరిపోండి.

నీళ్ళు లేని చెల్క ఉన్నవాళ్ళకు జహీరాబాద్ దారి చెప్తాను. పస్తాపూర్‌లోని డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు దశాబ్దాలుగా జొన్న, కొర్ర, కంది, పెసర కలిపి వేసి, విత్తనం ఇళ్ళలోనే దాచుకుంటున్నాయి. డిడ్గిలో వాళ్ళ కేవీకే ఉంది. 2008లో మొదలైన సంఘం రేడియో కూడా వాళ్ళదే. బోరు, టమాటా ఉన్న బావకు అక్కడ దొరికేది తక్కువ, వాన మీదే ఆధారపడ్డవాళ్ళకు ఎక్కువ. పటాన్‌చెరు ఇక్రిశాట్ మెట్ట పంటల మీద పరిశోధన చేసే 1972 నాటి పెద్ద సంస్థ, కానీ ఒక్క రైతు సంచి వేసుకుని పోయే చోటు కాదు. దానికంటే, 1999 నుంచి వాళ్ళు నీటి సంరక్షణ పని చేసిన శంకర్‌పల్లి మండలం కొత్తపల్లికి పోయి చెక్‌డ్యాములు, బావులు చూసి, ఆ రైతుల్తో మాట్లాడటం మేలు. రైతు దగ్గర రైతు నేర్చుకోవడానికి పట్నంలోనూ చోటుంది. లోతు మట్టిని పైకి తెచ్చి వాడే పద్ధతికి 2020లో పద్మశ్రీ అందుకున్న చింతల వెంకటరెడ్డిగారిది మన అల్వాలే. అయితే ఏ పద్ధతైనా ముందు రెండు గుంటల్లో చేసి చూడాలి, ఎవరికి ఏ అవార్డు వచ్చినా సరే.

డబ్బు కట్టే క్లాసులు

ఇక్కడ నా తెలివితక్కువతనం చెప్పుకోవాలి. ఫోన్లో ప్రకటన చూసి, మేనల్లుణ్ణి తీసుకుని ఒక ఆదివారం పుట్టగొడుగుల క్లాసుకు పోయాను. ఒక హాల్లో వంద మంది, మైకు, స్లైడ్లు, మధ్యాహ్నం బిర్యానీ. మనిషికి మూడు వేలు. పంట మొత్తం తామే కొంటామని చెప్పి, విత్తనం బ్యాగులు కూడా అక్కడే అమ్మారు. ముత్యపు చిప్ప పుట్టగొడుగులకు ఇరవై నుంచి ముప్ఫై డిగ్రీల చల్లదనం, గాల్లో బాగా తేమ కావాలి. మాకు అమ్మింది మార్చి చివర్లో. రేకుల షెడ్డులో ఏమైందో చెప్పనక్కర్లేదు. వేడికి తట్టుకునేవి పాల పుట్టగొడుగులని ఆ తర్వాత తెలిసింది. కొంటామన్నవాళ్ళ ఫోన్ మోగడం ఆగిపోయింది. ఒకప్పుడు ఈము పక్షులు పెట్టి మునిగినవాళ్ళను చూసి కూడా నాకు బుద్ధి రాలేదు. నేర్పేవాడే విత్తనం అమ్మి, వాడే పంట కొంటానంటే అది క్లాసు కాదు, అమ్మకం. డబ్బు తీసుకున్నంత మాత్రాన అందరూ మోసగాళ్ళని కాదు. క్లాసు ఎవరి షెడ్డులో జరుగుతోంది, ఆ షెడ్డులో పంట ఉందా, పోయినేడు నేర్చుకున్నవాళ్ళలో ఇద్దరి దగ్గరికి తీసుకెళ్తారా అని అడగండి. అడిగితే విసుక్కునేవాళ్ళ దగ్గర డబ్బు కట్టొద్దు.

యూట్యూబ్ గురించి రెండు మాటలు. చెప్పేవాడు తన నేల ఏదో, నీళ్ళెన్నో, ఏ నెలలో నాటాడో, ఏ ధరకు అమ్మాడో చెప్తే చూడండి. ఎకరానికి ఇన్ని లక్షలు అని మొదలుపెడితే ఆపేయండి. ఈటీవీ అన్నదాత పాతదే అయినా వాళ్ళు పొలంలో నిలబడి మాట్లాడిస్తారు, అది నయం. వీటన్నిటితో పాటు ఒక తెల్లవారుజాము బోయిన్‌పల్లి మార్కెట్‌లో గడపండి. టమాటా ఏ సైజుకు ఏ రేటు పలుకుతోందో, ఏ పెట్టె వెనక్కి పోతోందో చూస్తే ఏం పండించాలో సగం అక్కడే తెలుస్తుంది.

బావ ఇప్పుడు మూడే పెట్టుకున్నాడు: మంగళవారం రైతు వేదిక, మేలో విత్తన మేళా, ఊరి పది మందితో కలిసి అడిగిన డెమో. నారు ఈసారి వల కిందే పోశాడు. కేవీకే వాళ్ళు ఇంకా రాలేదు, వస్తామని కబురు మాత్రం వచ్చింది. పోయిన మంగళవారం పాఠం కూరగాయల నారు మీద అని తెలిసి అక్క, "ఈసారి నేను పోత" అని చీర మార్చుకుని రైతు వేదికకు పోయింది. బర్రెల్ని బావకు అప్పజెప్పింది. ఆ సాయంత్రం బావ పాల కేంద్రంలో అర లీటరు తక్కువ పోశాడట.